కొలీగ్‌ని ఎక్కించుకుంటే మైలుకి 5 పెన్నీలు: బ్రిటన్ ప్యాసింజర్ పేమెంట్ రివ్యూ

రేటింగ్: 5కి 3. లెక్క తేలిక, పన్ను సున్నా. కాకపోతే ఇస్తారా లేదా అన్నది పూర్తిగా కంపెనీ ఇష్టం.

బ్రిటన్‌లో ఆఫీసు పని మీద సొంత కారు తీస్తే మొదటి 10,000 మైళ్లకి మైలుకి 45 పెన్నీలు (పెన్నీ అంటే పౌండులో నూరో వంతు), ఆ పైన మైలుకి 25 పెన్నీల వరకు పన్ను లేకుండా వస్తాయి. అదే పని మీద వెళ్తున్న సహోద్యోగిని ఎక్కించుకుంటే, మనిషికి మైలుకి మరో 5 పెన్నీలు కారు నడిపినవారికి ఇవ్వొచ్చు. దీని మీద నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కట్టే సామాజిక బీమా చందా) కూడా పడదు. 10,000 దాటినా ఈ 5 తగ్గదు. కంపెనీ కారైనా, వ్యానైనా వర్తిస్తుంది.

రెడింగ్ నుంచి బ్రిస్టల్‌లోని క్లయింట్ దగ్గరికి రానుపోను 160 మైళ్లు అనుకుందాం. మైలేజీ, అంటే కారు తిరిగిన మైళ్లకి ఇచ్చే 45 పెన్నీల డబ్బు, 72 పౌండ్లు. రెడింగ్‌లోనే ఎక్కిన కొలీగ్ లెక్కన నడిపినవారికి 8 పౌండ్లు. ఇంకొకరు దారిలోని స్విండన్‌లో ఎక్కి, తిరుగు ప్రయాణంలో అక్కడే దిగితే వారి మైళ్లు 80, అంటే 4 పౌండ్లు. మొత్తం 84. ఇద్దరికీ 160 చొప్పున వేసేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. అందుకే క్లెయిమ్‌లో తేదీ, పోస్ట్‌కోడ్‌లు, పని వివరంతో పాటు ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నది రాయాలి. మైలేజీ ఒక వరుసలో, ప్యాసింజర్ డబ్బు వేరే వరుసలో ఉండాలి.

రెండూ ఎందుకు కలపకూడదో చూడండి. కంపెనీ మైలుకి 30 పెన్నీలే ఇస్తే, మిగిలిన 15 పెన్నీల మీద పన్ను రిలీఫ్ అడగొచ్చు. 160 మైళ్లకి 24 పౌండ్లు ఆదాయంలోంచి తీసేస్తారు, 20 శాతం పన్ను కట్టేవారికి 4.80 పౌండ్లు మిగులుతుంది. ప్యాసింజర్ డబ్బుకి ఆ వెసులుబాటు లేదు. కంపెనీ ఇవ్వకపోతే హెచ్‌ఎంఆర్‌సీని (బ్రిటన్ పన్నుల శాఖని) అడగడానికి ఏమీ ఉండదు. ఇది అన్యాయమే: మూడు కార్లు పోయేచోట ఒక్క కారుతో సరిపెట్టిన మనిషికి దక్కాల్సిన డబ్బు ఇది. పైగా 2011లో 40 పెన్నీల మైలేజీని 45 చేసినప్పుడు కూడా ఈ 5ని కదపలేదు.

రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి లిఫ్ట్ ఇస్తే ఇది రాదు. క్లయింట్ ఊళ్లో చుట్టాలింటికి వెళ్లే కొలీగ్‌ని ఎక్కించుకున్నా రాదు, ప్రయాణం ఆయనకీ ఆఫీసు పనే అయి ఉండాలి. నెలకింత అని గంపగుత్తగా ఇస్తే అది జీతం కిందకే వస్తుంది, పన్ను పడుతుంది. 5 పెన్నీలకి మించి ఇస్తే ఆ మించినదాని మీద పన్ను.

బయల్దేరే ముందు కారు బీమా పాలసీలో బిజినెస్ యూజ్ (ఆఫీసు పని మీద వాడకం) ఉందో లేదో చూసుకోండి. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ప్రయాణం వరకే ఉన్న పాలసీ క్లయింట్ దగ్గరికి వెళ్లే దారిలో పనికిరాదు.