డయాలిసిస్ రోగికి న్యుమోనియా వస్తే: బయటి లెక్కా, ఆస్పత్రి లెక్కా?

డయాలిసిస్‌కు వెళ్లొచ్చే మనిషికి ఇంట్లో ఉండగానే జ్వరం, దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. ఎక్స్‌రేలో న్యుమోనియా అని తేలింది. దీన్ని బయట సోకినట్టు చూడాలా, ఆస్పత్రిలో సోకినట్టా? ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది చాలావరకు దీనిమీదే ఆధారపడుతుంది.

బయట సోకేదానికి ఎక్కువగా న్యుమోకాకస్, హీమోఫిలస్, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు, ఫ్లూ లాంటి వైరస్‌లు కారణం. మామూలు మందులకు చాలామంది కోలుకుంటారు. (మన దగ్గర దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష కూడా తప్పదు.) ఆస్పత్రిలో చేరి 48 గంటలు దాటాక మొదలైతే అది ఆస్పత్రి న్యుమోనియా. మన ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు కనిపిస్తాయి. వీటిలో మెరోపెనెమ్ లాంటి గట్టి యాంటీబయాటిక్‌కు కూడా లొంగనివి చాలానే ఉంటున్నాయి. అందుకే అక్కడ మొదటి డోసు నుంచే గట్టి మందులు వాడతారు.

మరి డయాలిసిస్ మనిషి? 2005లో అమెరికా వైద్య సంఘాలు ఇలాంటి వాళ్లకోసం మూడో వర్గం పెట్టాయి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లు, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లు, గత 90 రోజుల్లో ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లు అందులోకి వచ్చారు. వాళ్లకు ఆస్పత్రి మందులే ఇవ్వమన్నాయి. తీరా చూస్తే వీరిలో చాలామందికి మామూలు మందులకు లొంగని మొండి క్రిములు లేవు. వాంకోమైసిన్ లాంటి మందులు మాత్రం అనవసరంగా పడ్డాయి. కిడ్నీల్లో మిగిలిన కాస్త పనితనాన్నీ దెబ్బతీయగల మందు అది. చివరికి అవే సంఘాలు 2019 మార్గదర్శకాల్లో ఆ వర్గాన్ని వదిలేయమన్నాయి. అది సరైన నిర్ణయమని నా గట్టి నమ్మకం.

కాబట్టి డయాలిసిస్ ఒక్కటే చూసి ఆస్పత్రి లెక్క కట్టడం కంటే బయటి లెక్కతో మొదలుపెట్టడమే మేలు. అయితే రెండు విషయాలు అడిగి తీరాలి: ఇంతకుముందు కఫం కల్చర్‌లో (కఫంలోని క్రిమిని పెంచి అదేదో చూసే పరీక్ష) మొండి క్రిమి దొరికిందా? గత 90 రోజుల్లో ఆస్పత్రిలో ఉండి సెలైన్‌లోనో ఇంజెక్షన్‌గానో యాంటీబయాటిక్ తీసుకున్నారా? మొదటిదానికి అవునంటే ఆ క్రిమికి పనిచేసే మందు మొదటి నుంచే ఇవ్వాలి. రెండోది మాత్రమే ఉండి, జబ్బు తీవ్రంగా లేకపోతే కల్చర్‌కు పంపి మామూలు మందుతోనే మొదలుపెట్టొచ్చు. రెండోది ఉన్న మనిషికి ఊపిరాడక, బీపీ పడిపోతుంటే ఆగకూడదు, కల్చర్‌కు పంపి గట్టి మందే వేయాలి. కల్చర్‌లో మొండి క్రిమి లేదని తేలాక, మనిషి కోలుకుంటుంటే దాన్ని ఆపి మామూలు మందుకు మారాలి.

పాత డిశ్చార్జి సమ్మరీలు, కల్చర్ రిపోర్టులు ఇంట్లో ఒకే ఫైల్లో పెట్టుకుని క్యాజువాలిటీకి వెంట తీసుకెళ్లండి. పై రెండు ప్రశ్నలకూ జవాబు వాటిలోనే దొరుకుతుంది.