డంబెల్ చేతిలో ఉండగానే బయటికి పంపారు: ‘స్టూడెంట్ ఆఫర్’ జిమ్‌తో జాగ్రత్త

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవారికి ఈ జిమ్ తెలిసిందే, కాబట్టి పేరు రాయను. సంక్రాంతి సెలవుల ముందు హాస్టల్ మెట్ల దగ్గర, మెస్ గోడల మీద పసుపు కాగితాలు అంటించారు కదా, ‘విద్యార్థులకు ఏడాదికి 4,999 మాత్రమే’ అని, అదే. నేను చేరాను. డబ్బు కట్టి నాలుగు రోజులైంది. 6,489 రూపాయలు పోయాయి. 4,999 కాస్తా 6,489 ఎలా అయిందో తర్వాత చెబుతాను, అది వేరే కడుపుమంట. ముందు ఈ రోజు ఉదయం జరిగింది రాయకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

కాలేజీకి సెలవులు కాబట్టి మొదటి రెండు రోజులూ మధ్యాహ్నం వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. ఈ రోజు నుంచి క్లాసులు. పది నుంచి నాలుగు దాకా కాలేజీలోనే ఉంటాను కనుక ఉదయం ఆరున్నరకే వెళ్లాను. జనం బాగానే ఉన్నారు. అద్దం ముందు కాస్త చోటు చూసుకుని పది కిలోల డంబెల్స్ తీసుకున్నాను. మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఏడు అయింది. ఎనిమిదోది సగం లేపేసరికి ఎవరిదో అరచెయ్యి వచ్చి డంబెల్ మీద పడింది. తల తిప్పితే ట్రైనర్.

“నువ్వు స్టూడెంట్ బ్యాచ్ కదా? ఇప్పుడెందుకు వచ్చావు?”

బ్యాచ్ ఏమిటో నాకు అర్థం కాలేదు. నేను చేరింది జిమ్‌లోనా, ట్యూషన్‌లోనా?

“మీకు పదకొండు నుంచి నాలుగు వరకే. అవి ఇటివ్వు, సార్ ఎదురుచూస్తున్నారు.”

నా వెనక మెడలో తువ్వాలు వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. పాపం ఆయన “పరవాలేదు, పూర్తి చేయనివ్వండి” అన్నారు కూడా. ట్రైనర్ వినలేదు. “మీది ఫుల్ ప్యాకేజీ సార్” అంటూ నా చేతుల్లోంచి రెండూ తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన పుచ్చుకోలేక, వద్దనలేక నా వంక చూశారు. నేను అద్దం వంక చూశాను. ఖాళీ చేతులు ముందుకు చాచుకుని నిలబడి ఉన్నాను, ప్రసాదం కోసం వరుసలో నిలబడినట్టు.

కౌంటర్ దగ్గరికి వెళ్లాను. నాలుగు రోజుల కింద ఇదే కౌంటర్‌లో ఈ యజమానే నాకు టీ తెప్పించాడు. “తమ్ముడూ, మాదీ పల్లెటూరే, స్టూడెంట్ల కష్టం నాకు తెలుసు తమ్ముడూ” అన్నాడు. ఆ రోజు ఎన్నిసార్లు తమ్ముడూ అన్నాడో లెక్కపెట్టి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది. ఈ రోజు ఫోన్ మీంచి తల ఎత్తలేదు. ఓడ మల్లన్న నాలుగో రోజుకే బోడి మల్లన్న అయ్యాడు.

“అన్నా, చేరేటప్పుడు ఈ వేళల సంగతి చెప్పలేదు కదా?” అన్నాను.

“రసీదు వెనక ఉంది, చదువుకో.”

రసీదు మడత విప్పి తిప్పి చూశాను. ఉంది. ఏడో వరసలో, మాత్రల అట్ట మీద ఉండేంత సన్నటి అక్షరాల్లో. దాని కిందే ‘ఒకసారి చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు’. అది మాత్రం కాస్త పెద్ద అక్షరాలే.

“ఆ వేళల్లో నాకు క్లాసులు ఉంటాయన్నా. స్టూడెంట్లందరికీ అంతే కదా?”

అప్పుడు తల ఎత్తాడు. “స్టూడెంట్లు క్లాసులకు వెళ్లడం ఎప్పటి నుంచి మొదలుపెట్టారు?” అన్నాడు, వెనక సైకిల్ తొక్కుతున్న ఇద్దరికి వినపడేలా. వాళ్లు నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు గుర్తొస్తేనే ఒళ్లు మండుతోంది.

పొద్దున కావాలంటే ఇంకో మూడు వేలు కట్టి ‘అప్‌గ్రేడ్’ చేసుకోవాలట. అసలు ఎత్తుగడ అదేనని మెట్లు దిగుతున్నప్పుడు వెలిగింది. మధ్యాహ్నం ఎలాగూ ఖాళీగా ఉండే హాలును, ఆ వేళకు రాలేనివాళ్లకే అమ్ముతున్నారు. రాకపోతే మిగులు, వచ్చి గొడవపడితే మరో మూడు వేలు. వ్యాపారం నేర్చుకోవాలంటే మా కాలేజీ కాదు, అక్కడ చేరాలి.

ఇక 6,489 సంగతి. 4,999కి అడ్మిషన్ ఫీజు 500 కలిపారు, 5,499. దాని మీద జీఎస్‌టీ 18 శాతం, 990. నేను కిక్కురుమనకుండా ఫోన్ తీసి కట్టేశాను. నేను చదువుతున్నది ఎంకామ్. పోయిన సెమిస్టర్‌లో జీఎస్‌టీ ఒక పేపర్. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గిందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. 5 శాతమైతే 275 రూపాయలు. అంటే 715 ఎక్కువ కట్టాను. అదైనా ప్రభుత్వానికి చేరుతుందా అంటే, రసీదు మీద పదిహేను అక్షరాల జీఎస్‌టీ నంబరే లేదు. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుందని నాకు తెలుసు, వెతకాలని మాత్రం తోచలేదు. నమోదు లేనివాళ్లు అసలు పన్ను వసూలు చేయకూడదు. పైగా డబ్బు పోయింది జిమ్ పేరు మీదికి కాదు, ఎవరో ఒక మనిషి పేరు మీదికి. “మా బావమరిది ఖాతా తమ్ముడూ” అంటే సరేనన్నాను. బావమరిది క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఆ డబ్బు ఇంటి నుంచి అడిగింది కాదు. ఇంటర్ పిల్లలు ఇద్దరికి అకౌంటెన్సీ చెప్పి, మూడు నెలలు సాయంత్రం టిఫిన్ మానేసి దాచింది. నాన్నకు ఇంకా చెప్పలేదు. చెబితే తిట్టరు, “పోనీలేరా” అంటారు. అది ఇంకా కష్టం.

నన్ను నేను తిట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మా సందు చివర సెల్లార్‌లో పాత జిమ్ ఒకటి ఉంది. ఏసీ లేదు, పాటలు లేవు, ఇనుప ప్లేట్లకు తుప్పు, బెంచీ రెక్సిన్ చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తుంటుంది. నెలకు 500, ఏ నెలకు ఆ నెల కట్టుకోవచ్చు, ఉదయం ఐదుకే తీస్తారు. ముందు అక్కడికే వెళ్లి చూసి ముఖం చిట్లించుకుని వచ్చాను. ఏడాది మొత్తం వెళ్లినా 6,000. ఎండాకాలం రెండు నెలలు ఎలాగూ ఊళ్లో ఉంటాను కాబట్టి 5,000తో తేలిపోయేది. ‘చవక ఆఫర్’ అని ఎగబడి అంతకన్నా ఎక్కువ కట్టాను. ఎంకామ్!

మధ్యాహ్నం క్లాసు మానేసి (ఆ యజమాని మాటే నిజం చేశాను) వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, రెండేళ్ల దాకా గడువు. ముఖ్యమైన షరతు దాచి ఆశ పెట్టే ప్రకటన ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. డబ్బు వస్తుందో రాదో కానీ ఆ బావమరిది పేరు కాగితం మీదికి ఎక్కితే చాలు నాకు.

చేరబోయేవాళ్లకు చెప్పేది తక్కువే. ఏడాదికి ఒకేసారి కట్టకండి, ఒక నెల కట్టి చూడండి. మీరు రోజూ వెళ్లే వేళకే ఒకసారి వెళ్లి నిలబడి చూసి రండి, ఖాళీ వేళలో చూపిస్తే హాలు ఎప్పుడూ బాగానే ఉంటుంది. రసీదు డబ్బు కట్టకముందే అడిగి వెనక పక్క చదవండి. అసలు ఏమీ కట్టలేని నెలల్లో జీహెచ్‌ఎంసీ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు ఉన్నాయి. బరువులు ఉండవు కానీ చిన్-అప్స్‌కు ఒక కడ్డీ దొరికితే చాలు, ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకోరు. ఈ సాయంత్రం నేను హాస్టల్ బకెట్లు రెండు నీళ్లతో నింపి ఎత్తాను. పది లీటర్లంటే పది కిలోలు. వార్డెన్ చూసి నీళ్లు వృథా చేస్తున్నానని అరిచాడు. ఎనిమిది పూర్తి చేశాకే దించాను.

ఇదే ఆఫర్‌లో చేరినవాళ్లు ఇంకా ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం. ముఖ్యంగా ఆ పసుపు కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, ఫోటో తీసి దాచండి. దాని మీద వేళల మాట ఎక్కడా లేదు, మనకున్న సాక్ష్యం అదొక్కటే. నా దగ్గరున్న కాగితంతో మా గది అబ్బాయి నిన్న రాత్రి పూరీల నూనె ఒత్తుకున్నాడు.