మొదటి బొంతకి లోపల ఏది మేలు: పాత చీరలా, దూదా, పాలిస్టరా?

చేత్తో బొంత కుట్టడం మొదలుపెట్టేవాళ్ళు పైన ముక్కలు ఎలా అతకాలో ఎక్కడో ఒకచోట చూసి నేర్చుకుంటున్నారు. లోపల ఏం పెట్టాలన్న దగ్గరే ఆగిపోయి అడుగుతున్నారు. పాత నూలు చీరల పొరలా, ఏకిన దూదా, బజార్లో దొరికే పాలిస్టర్ షీటా?

వెచ్చదనమే కావాలంటే దూది మంచిది. అందులో గాలి నిలుస్తుంది కాబట్టి బరువు తక్కువ, వేడి ఎక్కువ. జైపూర్ రజాయిల పేరంతా దానిమీదే. కానీ విడి దూదిని సమంగా పరవడం ఒక పని, అది కదలకుండా దగ్గర దగ్గరగా కుట్టడం ఇంకో పని. కుట్లు దూరమైతే ఉతికాక ఉండలు కట్టి మూలలకి చేరుతుంది.

పాలిస్టర్ తేలిక, తొందరగా ఆరుతుంది. మన ఎండలకి చెమట పోస్తుంది. అంతకుమించి చెప్పడానికి లేదు.

నా దృష్టిలో మొదటి బొంతకి తేల్చాల్సింది వెచ్చదనం కాదు, సూది ఎంత సులువుగా దిగుతుందన్నది. సగంలో మూలపడే బొంతల్లో చాలావాటికి కారణం వేళ్ళ నొప్పి. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీరలో సూది ఇట్టే జారిపోతుంది. నూలు మీద నూలు పట్టుకుని ఉంటుంది కాబట్టి పొరలు అంతగా జరగవు.

అయిదున్నర మీటర్ల చీరని అడ్డంగా రెండు చేస్తే రెండు పొరలు. రెండు చీరలకి నాలుగు పొరలు, ఒక మనిషికి సరిపోయే బొంత. ఆరు పొరలకి పోకండి, అక్కడే చెయ్యి మొరాయిస్తుంది. చీరని వెలుతురుకి ఎత్తి చూడండి, మడత దగ్గర రెండు బొటనవేళ్ళతో లాగండి. పిగిలితే అది పనికిరాదు. గంజి పోయేదాకా ఉతకండి, జరీ అంచు కత్తిరించెయ్యండి. పరిచాక మధ్యలోంచి బయటికి చేత్తో నిమురుతూ జానెడు దూరంలో టాకాలు, అంటే తర్వాత తీసేసే పొడుగు కుట్లు వెయ్యండి. అసలు కుట్టు వరసల మధ్య రెండు వేళ్ళ ఎడం చాలు. ముడి పైకి కనిపించకుండా, దారాన్ని చిన్నగా గుంజి పొరల మధ్యకి లాగెయ్యండి. మధ్యవేలికి అంగుస్తాన్, అంటే సూది గుచ్చుకోకుండా తొడిగే టోపీ పెట్టుకోండి. మొదటి వరసలు వంకరగా వస్తే విప్పొద్దు. వరసలు పడేకొద్దీ కుట్టు దానంతటదే సమానమవుతుంది, ఆ తేడా బొంతలో అలాగే ఉండనివ్వండి.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ ఆడవాళ్ళు కుట్టే కవందీ అనే బొంతది ఇంకో దారి. అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కల్ని కలుపుకుంటూ, చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, రెండో బొంతకి ప్రయత్నించండి.

చీరల బొంతకి ఒక ఇబ్బంది ఉంది. తడిస్తే బరువెక్కుతుంది, పిండడానికి ఇద్దరు కావాలి, వానాకాలంలో ఓ పట్టాన ఆరదు. అయినా నా ఓటు దానికే. ఆదిలాబాద్, లంబసింగి చలికి చాలదనిపిస్తే నాలుగు పొరల మధ్య పాత ఫ్లానెల్ దుప్పటి ఒకటి పెట్టండి. బాగా వాడినదైతే సూది అందులోంచీ హాయిగానే దిగుతుంది.