అమెరికాలో స్టూడెంట్ స్టేటస్ పోయాక ఏది మేలు: అక్కడే ఉండి అర్జీ పెట్టడమా, ఇంటికొచ్చి మళ్లీ వెళ్లడమా?

2025 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "మామా, నా సెవిస్ రికార్డు టర్మినేట్ అయిందంట. అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం ఉంచుకునే కంప్యూటర్ వ్యవస్థ. ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వం వేల మంది విద్యార్థుల రికార్డులను టర్మినేట్ చేసింది. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకు మళ్లీ తెరవడం మొదలుపెట్టింది. మావాడిదీ అట్లాంటిదే అయ్యుంటుందని ముందు కాస్త ధైర్యం తెచ్చుకున్నాను. కానీ కాదు. ఎంఎస్ రెండో సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు ఫెయిలయ్యేలా ఉందని భయపడి, ఎవరినీ అడగకుండా డ్రాప్ చేసుకున్నాడు. 9 క్రెడిట్లు ఉండాల్సిన చోట 6 మిగిలాయి. "ఏం కాదు, అందరూ చేసేదే" అని రూంలో వాళ్లు చెప్పారట.

అనంతపురంలో చాలా ఇళ్లలో వీసాకూ స్టేటస్‌కూ తేడా తెలియదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా ఐదేళ్లు ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు. మా అక్క కూడా అదే అంది. వీసా గేటు దగ్గర చూపించే టికెట్ లాంటిది. లోపలికి వెళ్లాక మనల్ని అక్కడ ఉండనిచ్చేది స్టేటస్. అది ఐ-20తోనూ (విద్యార్థికి కాలేజీ ఇచ్చే అర్హత పత్రం), ప్రతి సెమిస్టర్ పూర్తి క్రెడిట్లు చదవడంతోనూ, అనుమతి లేని పని చేయకపోవడంతోనూ, ఇల్లు మారిన 10 రోజుల్లో కాలేజీకి తెలపడంతోనూ నిలబడుతుంది. వీసా గడువు ఎంత మిగిలి ఉన్నా స్టేటస్ పోవచ్చు.

వాళ్ల అమ్మకు చెప్పకుండా రెండు రోజులకు మించి ఆపలేకపోయాను. సాయినగర్‌లో వాళ్లింట్లో కూర్చుని లెక్కలు వేసుకున్నాం. దారులు రెండు. ఒకటి, అక్కడే ఉండి రీఇన్‌స్టేట్‌మెంట్‌కు, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని అర్జీ పెట్టడం. రెండోది, దేశం వదిలి వచ్చి, కొత్త ఐ-20తో కొత్త విద్యార్థిలా మళ్లీ వెళ్లడం.

మూడోది ఉందని వాణ్ని పంపిన కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇంకో కాలేజీకి మారిపోతే మొదటి రోజు నుంచే సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి), పని కూడా చేసుకోవచ్చు అన్నారు. అది దారి కాదు. టర్మినేట్ అయిన రికార్డు ఏ కాలేజీకి వెళ్లినా టర్మినేట్ అయిన రికార్డే. కొత్త కాలేజీ కూడా రీఇన్‌స్టేట్‌మెంట్‌కే పంపాలి, అది వచ్చేదాకా సీపీటీ లేదు. ఈ మాట నమ్మి పనిలో చేరిన పిల్లవాడు తనకున్న మొదటి దారిని కూడా తానే మూసుకుంటాడు.

మొదటి దారిలో ఖర్చు తక్కువ. ఐ-539 ఫారం ఆన్‌లైన్‌లో పెడితే 420 డాలర్లు, కాగితాల మీద పంపితే 470. అయితే షరతులు గట్టివి. స్టేటస్ పోయి 5 నెలలు దాటకుండా అర్జీ పెట్టాలి. దాటితే ఎందుకు ఆలస్యమైందో అసాధారణమైన కారణం చూపాలి, 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టాలి. అనుమతి లేకుండా ఒక్క రోజు కూడా పని చేసి ఉండకూడదు. పదే పదే తప్పు చేసిన రికార్డు ఉండకూడదు. తప్పు మన చేతిలో లేని కారణం వల్ల జరిగి ఉండాలి: జబ్బు, కాలేజీ మూతపడటం, డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) పొరపాటు లాంటివి. అది కాకపోతే ఇంకొకటి ఉంది, మావాడికి పనికొచ్చింది అదే. ముందే అడిగి ఉంటే డీఎస్‌ఓ క్రెడిట్లు తగ్గించుకోవడానికి ఒప్పుకోగలిగిన సందర్భమై ఉండి, ఇప్పుడు స్టేటస్ తిరిగి ఇవ్వకపోతే విద్యార్థి తీవ్రంగా నష్టపోతాడని చూపగలగాలి.

మావాడు ఇక్కడ బీటెక్ మెకానికల్ చదివాడు. అక్కడ తీసుకున్నది కంప్యూటర్ సైన్స్‌లో పై స్థాయి సబ్జెక్టు, దానికి కావాల్సిన పునాది వాడికి లేదు. స్థాయికి మించిన కోర్సులో పడటం అన్నది క్రెడిట్లు తగ్గించుకోవడానికి నిబంధనల్లో ఉన్న కారణమే. సగం క్రెడిట్లకు తగ్గకుండా ఉంటే చాలు, ఒక డిగ్రీలో ఒక్కసారి ఇస్తారు. 6 క్రెడిట్లతో వాడు ఆ గీతకు పైనే ఉన్నాడు. చేసిన తప్పల్లా అడగకుండా చేయడం. ఇక నష్టం అంటారా, రాప్తాడు వైపు ఉన్న పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. అవి చూపించడానికి కష్టపడాల్సిన పని లేదు.

ఈ దారిలో భయపెట్టేది ఎదురుచూపు. నెలలు పడుతుంది. అన్నాళ్లూ పూర్తి క్రెడిట్లు చదవాలి, ఫీజు కట్టాలి, క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని కూడా ఉండదు. మధ్యలో ఇంటికి వస్తే అర్జీ వదులుకున్నట్టే. చివరికి కాదంటే అప్పీలు లేదు. దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు మీద గడువు తేదీ బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంత కాలం) అని ఉన్నవాళ్లకు, కాదన్న మర్నాటి నుంచి చట్టవిరుద్ధంగా ఉన్న రోజుల లెక్క మొదలవుతుంది. అది 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది దాటాక వదిలితే పదేళ్లు తిరిగి అడుగు పెట్టనివ్వరు. పాస్‌పోర్టులో ఉన్న వీసా కూడా చెల్లకుండా పోతుంది. కాబట్టి కాదన్న రోజే బయలుదేరడానికి సిద్ధంగా ఉండి మాత్రమే ఈ అర్జీ పెట్టాలి.

రెండో దారిలో ఎవరి నిర్ణయం కోసమో నెలల తరబడి కూర్చోనక్కర్లేదు. కాలేజీ కొత్త ఐ-20 ఇస్తే, 2025లో మేం వేసిన లెక్కలో 350 డాలర్ల సెవిస్ ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు, రెండూ కలిపి అప్పటి డాలరు ధరకు సుమారు 45 వేల రూపాయలు. రానూపోనూ విమానం టికెట్లు దానికి వేరు. మనకు బెంగళూరు విమానాశ్రయం దగ్గర, నలభై నాలుగో నంబరు హైవే మీద పడితే మూడు నాలుగు గంటలు. వీసాకు మాత్రం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడకో చెన్నైకో వెళ్లి ఇంటర్వ్యూకు నిలబడాలి. అక్కడ ఆఫీసరు తప్పకుండా అడిగే ప్రశ్న, ముందు ఎందుకు టర్మినేట్ అయింది అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాస్తే అది మోసం కిందికి వస్తుంది, దాని వల్ల పడే నిషేధానికి గడువంటూ లేదు. నిజం చెప్పినా వీసా వస్తుందన్న పూచీ లేదు. పైగా కొత్త సెవిస్ నంబరుతో వెళ్తే సీపీటీకీ, ఓపీటీకీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) కావాల్సిన ఒక విద్యా సంవత్సరం మళ్లీ మొదటి నుంచి లెక్క.

ఈ చివరి మాటే నా దృష్టిలో తూకాన్ని మార్చేది. ఒకటి రెండు నెలలు చదివి స్టేటస్ పోగొట్టుకున్నవాడికి మళ్లీ మొదలుపెట్టడం వల్ల పోయేది పెద్దగా లేదు. ఇంకొక్క సెమిస్టర్‌లో డిగ్రీ చేతికి వచ్చేవాడికి, ఉద్యోగం మాట్లాడుకుని ఓపీటీ కోసం చూస్తున్నవాడికి మాత్రం రెండో దారి చాలా ఖరీదు. పెట్రోల్ బంకులోనో హోటల్లోనో నగదుకు పని చేసినవాడికి మొదటి దారి మూసుకుపోయినట్టే, రెండోదీ సులభం కాదు. వాళ్లు ఏ అడుగు వేసేముందైనా ఇమిగ్రేషన్ లాయరుకు డబ్బు ఇచ్చి మాట్లాడాలి. రూంలో స్నేహితులు, ఊర్లో కన్సల్టెన్సీలు, నాలాంటి మేనమామలు ఆ పనికి చాలరు.

నేను రెండో దారి వైపు మొగ్గాను, ఏడాది కూడా నిండలేదు కదా అని. అక్క ఒప్పుకోలేదు. "ఒకసారి వస్తే మళ్లీ పంపిస్తారో లేదో, వాడు యాడికీ రావద్దు రా" అంది. అది భయంతో అన్న మాటే అయినా, దాంట్లో తర్కం ఉందని ఆ రాత్రి ఇంటికి వచ్చాక అర్థమైంది. వాడు అనుమతి లేని పని ఎక్కడా చేయలేదు, ఐదు నెలలు కాలేదు, నిబంధనలో ఉన్న కారణమే ఉంది, డీఎస్‌ఓ కూడా సిఫారసు చేస్తానన్నారు. ఇంత శుభ్రమైన కేసు చేతిలో పెట్టుకుని ఐదు నిమిషాల ఇంటర్వ్యూ మీద అంతా పెట్టడం ఎందుకు? నా మాట వెనక్కి తీసుకున్నాను.

మే నెలలో అర్జీ వెళ్లింది. క్యాంపస్ లైబ్రరీలో ఉన్న పని రికార్డు టర్మినేట్ అయిందని తెలిసిన రోజే వదిలేశాడు, ఆ డబ్బు ఇక్కడి నుంచి పంపాం. ఆగస్టు సెమిస్టర్‌లో 9 క్రెడిట్లూ చదువుతుండగా నవంబరులో ఆమోదం వచ్చింది.

ఆ తర్వాత మా వీధిలో ఇంకో అమ్మాయికి అక్కడ ఒంట్లో బాగాలేకపోతే వాళ్ల నాన్న నన్ను అడగడానికి వచ్చాడు. నేను చెప్పింది ఒకటే, సబ్జెక్టు వదిలేముందు డీఎస్‌ఓకు మెయిల్ పెట్టమని. లైసెన్సున్న డాక్టరు లేఖ జతచేసింది, అనుమతి వచ్చింది, దాన్ని సిస్టంలో ఎక్కించాక ఆ సెమిస్టర్ మొత్తం సెలవు తీసుకుంది. జబ్బు కారణమైతే ఒక డిగ్రీలో మొత్తం 12 నెలల దాకా అట్లా ఇవ్వవచ్చు. ఆ అమ్మాయి స్టేటస్‌కు ఏమీ కాలేదు, ప్రభుత్వానికి ఒక్క డాలరు కట్టాల్సిన పని కూడా పడలేదు. మావాడు మార్చిలో రాయకుండా వదిలేసింది అట్లాంటి మెయిలే.