రెండు నెలలు, ఆరు అరీనాలు: అమ్మాయిల బాస్కెట్‌బాల్ వెంట మా ప్రయాణం

అమెరికాలో కాలేజీ అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడే రేనాల్డ్స్ కొలీజియంలో పదో వరసలో కూర్చుంటే కోచ్ కేకలు వినిపిస్తాయి, బూట్లు చెక్కనేల మీద కీచుమనడం వినిపిస్తుంది. మా అమ్మాయికి పదమూడేళ్లు, బడి జట్టులో చేరి ఏడాదయింది. టీవీలో ఆట చూసినంతకాలం దాని కళ్లు బంతి మీదే ఉండేవి. ఇక్కడికొచ్చిన పావుగంటకి నా మోచెయ్యి పట్టుకుని "అమ్మా, ఆ అక్కని చూడు, బంతి తన దగ్గర లేదు, అయినా ఎంత పని చేస్తోందో" అంది. ఆ మాటతోనే 2024 నవంబర్, డిసెంబర్ నెలల్లో మా శని ఆదివారాలు ఎలా గడవాలో తేలిపోయింది.

మేముండేది నార్త్ కరొలైనాలో కేరీ ఊళ్లో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. మోరిస్‌విల్‌లో చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ ఉందంటే తెలియని ఇల్లుండదు. అదే పాతిక మైళ్ల లోపల ఎన్‌సీ స్టేట్, డ్యూక్, నార్త్ కరొలైనా అనే మూడు విశ్వవిద్యాలయాల్లో దేశంలోకెల్లా గట్టి అమ్మాయిల జట్లు ఆడుతుంటే మనవాళ్లు వెళ్లడం తక్కువ. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లయినా ఒక్కసారి వెళ్లాలని నా కోరిక. ఇది రాయడం అందుకే.

ముందు లెక్క చెబుతాను. ఈ మూడు విశ్వవిద్యాలయాలూ ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము పోటీపడే జట్ల కూటమిలో, ఉన్నాయి. 1953లో పుట్టిన అట్లాంటిక్ తీరపు కూటమి. 2024లో కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ), టెక్సస్ నుంచి ఎస్ఎంయూ విశ్వవిద్యాలయాలు చేరి మొత్తం 18 జట్లయ్యాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇవి ఎక్కువగా తమలో తామే ఆడతాయి. అప్పుడు ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి, కాన్ఫరెన్స్ మొత్తానికి ఒరిగేది ఏమీ ఉండదు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌కి 68 జట్లను ఎంచేవాళ్లు ఏ కాన్ఫరెన్స్ ఎంత బలమైనదో తూచేది నవంబర్, డిసెంబర్‌లో బయటి జట్లతో ఆడిన ఆటలతోనే. అందుకే ఈ మొదటి నెలన్నర నాకు ముఖ్యం. టికెట్లు తేలిగ్గా దొరకడం దానికి తోడు.

రేనాల్డ్స్ సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి. రాలీలో ఎన్‌సీ స్టేట్ ప్రాంగణం మధ్యలో, 1949లో తెరిచిన ఇటుక కట్టడం. 1999లో మగపిల్లల జట్టు ఊరి అంచున కొత్తగా కట్టిన పెద్ద అరీనాకి వెళ్లిపోయింది. అమ్మాయిలు ఇక్కడే ఉన్నారు. 2016లో బాగుచేశాక సీట్లు ఐదున్నర వేలకు తగ్గించారు, దాంతో ఎక్కడ కూర్చున్నా కోర్టు దగ్గరే. ఆ కోర్టు పేరు కే యావ్ కోర్టు. 1975 నుంచి ఈ జట్టుకు కోచ్‌గా ఉండి, 1988 ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన ఆవిడ రొమ్ము క్యాన్సర్‌తో ఏళ్లపాటు పోరాడుతూనే జట్టును నడిపింది. 2007 ఫిబ్రవరిలో కోర్టుకు ఆవిడ పేరు పెట్టిన రోజునే, దేశంలో రెండో ర్యాంకులో ఉన్న నార్త్ కరొలైనాను ఆవిడ జట్టు ఓడించింది. 2009 జనవరిలో ఆవిడ కన్నుమూసింది.

ఈ కథ మా అమ్మాయికి చెబుతుంటే నాకు గుంటూరులో మా కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. నేను బాల్ బాడ్మింటన్ ఆడేదాన్ని. పసుపుపచ్చ ఊలు బంతి, జట్టుకు ఐదుగురు. మగపిల్లలు ఆట ముగించి వెళ్లాకే మాకు కోర్టు దొరికేది. అప్పటికి పొద్దు వాలి బంతి కనపడేది కాదు. ఒక అరీనా నేల మీద ఒక ఆడమనిషి పేరు అంతంత అక్షరాలతో రాసి ఉండటం చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

రేనాల్డ్స్‌కి పక్కనే పార్కింగ్ డెక్ ఉంది. ఆట అయ్యాక బయటపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపడి లాభం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆటయితే మేం పొద్దున్నే కేరీలో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి, 87 అడుగుల గోపురం కింద కాసేపు కూర్చుని, ప్రసాదం తిని బయల్దేరేవాళ్లం. విశ్వవిద్యాలయం సొంత పాడిలో చేసే హౌలింగ్ కౌ ఐస్‌క్రీమ్ తినకుండా మాత్రం రాకండి. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న అత్తయ్య ఆటకంటే ముందు దాన్నే మెచ్చుకుంది. రెండో క్వార్టర్‌కి మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగి కూర్చుంది. "కిందపడ్డ పిల్లని లేపడానికి నలుగురూ పరిగెత్తుతున్నారే, అది బాగుందమ్మా" అంది. అప్పట్నుంచి ఎన్‌సీ స్టేట్ వాళ్లు ఆవిడకి "ఎర్ర చొక్కాల పిల్లలు."

నవంబర్ 10న ఆ ఎర్ర చొక్కాల పిల్లలు షార్లెట్‌లో సౌత్ కరొలైనాతో ఆడారు. ఆ ఏడాది వసంతంలో 38 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టు అది. ఎన్‌సీ స్టేట్‌ను సెమీఫైనల్లో ఓడించింది కూడా వాళ్లే. కేరీ నుంచి పీడ్‌మాంట్ రైల్లో వెళ్లాం, మూడు గంటల ప్రయాణం. కారు తోలే పని లేదు, అత్తయ్యకి కాళ్లు చాపుకునే చోటుంది, పులిహోర డబ్బా విప్పితే అడిగేవాళ్లు లేరు. నా దృష్టిలో ఈ మొత్తం తిరుగుడులో అన్నిటికన్నా సుఖమైన ప్రయాణం అదే. షార్లెట్ రైల్వే స్టేషన్ నుంచి అరీనా రెండు మైళ్ల దూరం, పెద్దవాళ్లతో అయితే టాక్సీ తప్పదు. ఆట రోజున ఊరి నడిబొడ్డులో గదుల అద్దె మండిపోతుంది. మేం లైట్ రైలు దారిలో నాలుగు స్టేషన్ల అవతల గది తీసుకున్నాం. రైలు అరీనా ముందే ఆగుతుంది. ఇది అందరికీ చెప్పదగ్గ ఉపాయం.

ఆట మాత్రం రేనాల్డ్స్‌లాంటి అనుభవం కాదు. అది జరిగిన స్పెక్ట్రమ్ సెంటర్ ఎన్‌బీఏ అనే మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌లోని జట్టుది. పై అంతస్తు నుంచి ఆటగాళ్ల ముఖాలు కనపడవు, పెద్ద తెర చూడాల్సిందే. చుట్టూ ముదురెరుపు సౌత్ కరొలైనా చొక్కాలే ఎక్కువ, సరిహద్దు అంత దగ్గర మరి. 71-57తో సౌత్ కరొలైనా గెలిచింది. అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు. సౌత్ కరొలైనా బెంచీ మీదున్న పిల్లలు మారిమారి వస్తున్నా ఆట జోరు తగ్గకపోవడం గమనించి, "అమ్మా, వాళ్లకి రెండు జట్లున్నాయి" అంది.

ఐదు రోజుల తర్వాత, నవంబర్ 15 శుక్రవారం సాయంత్రం, గ్రీన్స్‌బరోలో నార్త్ కరొలైనాకీ కనెటికట్‌కీ ఆట. 69-58తో కనెటికట్ గెలిచింది. దాంతో వాళ్ల కోచ్ జీనో ఆరియెమ్మాకి 1,216 గెలుపులు, కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అప్పటిదాకా అందరికంటే ఎక్కువ గెలిచిన కోచ్ టారా వాన్‌డెర్వీర్‌తో సమానం. ఆవిడ స్టాన్‌ఫర్డ్ కోచ్‌గా ఉండి ఆ వసంతంలోనే విశ్రాంతి తీసుకుంది. ఆవిడ జట్టు ఏసీసీలో అడుగుపెట్టిన ఏడాదే, ఏసీసీ జట్టును ఓడించి ఆవిడ లెక్కను అందుకున్నారన్నమాట. 20 వేల మందికి పైగా పట్టే ఆ కొలీజియంలో చాలా ఆటలు చూసినవాళ్లు మా పక్కన కూర్చున్నారు. వాళ్ల మాటలు వినడం ఒక చదువు.

ఆ రాత్రి బస గురించి మంచిమాట చెప్పలేను. హైవే పక్కన ఒక హోటల్. గదిలో హీటర్ తెల్లవార్లూ దడదడలాడింది. అల్పాహారం ఆరున్నరకే అని రాసిపెట్టి ఎనిమిదికి తెరిచారు. కేరీ నుంచి గ్రీన్స్‌బరో గంటన్నర కూడా లేదు. రాత్రిపూట కారు తోలగలిగితే ఇంటికి వచ్చేయడమే మేలు.

డర్హమ్‌లో డ్యూక్ వాళ్ల కామెరన్ స్టేడియం చూడటానికి గొప్పగా ఉంటుంది. 1940లో తెరిచారు, 9,314 మంది పడతారు. చుట్టూ పాతకాలపు చర్చిల్లాంటి రాతి భవనాలు. అత్తయ్య దానికి "రాతి బడి" అని పేరు పెట్టింది. కోచ్ కారా లాసన్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడింది. ఆ ఏడాది టొరాంటో నుంచి కొత్తగా వచ్చిన టోబీ ఫోర్నియే అనే పొడుగుపిల్ల చూడదగ్గ ఆటగత్తె. బంతిని చేత్తో బుట్టలోకి దించగలదు. ఒక చిన్న బడి జట్టుతో ఆటకి వెళ్లాం. ఆట ఏకపక్షమే, కానీ మొదటి వరసల్లో చోటు దొరికింది. అయితే ఇది మగపిల్లల జట్టుతో పంచుకునే ఇల్లు. గోడల మీద జెండాల్లో ఎక్కువ భాగం వాళ్లవే. మా అమ్మాయి అవి లెక్కపెట్టి నా వైపు చూసింది. పార్కింగ్ దూరం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే దిగి కూర్చోవడం మంచిది.

డిసెంబర్ 5న చాపెల్ హిల్‌లో నార్త్ కరొలైనా అమ్మాయిలు ఆడే కార్మైకెల్ అరీనా. ఆ వారం ఏసీసీ జట్లు, ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్ జట్లు ఎదురెదురుగా ఆడతాయి. 2023లో మొదలైన పోటీ ఇది. నార్త్ కరొలైనాకి ప్రత్యర్థి కెంటకీ. కెంటకీ కోచ్ కెన్నీ బ్రూక్స్, బంతి నడిపే గార్డ్ జార్జియా అమోర్ ఇద్దరూ అంతకు ముందు సీజన్ దాకా ఏసీసీలో వర్జీనియా టెక్ వాళ్లే. నార్త్ కరొలైనా పిల్లలు అమోర్‌కి ఊపిరాడనివ్వలేదు, గెలిచారు. వాళ్లలో అలిస్సా అస్ట్బీ రీబౌండ్ల కోసం, అంటే గురి తప్పి తిరిగొచ్చే బంతుల కోసం, మనుషుల మధ్యలోకి దూరే తీరు చూసి, మర్నాడు పెరట్లో మా అమ్మాయి అదే సాధన చేసింది. కార్మైకెల్ 1965 నాటిది, మైకేల్ జోర్డన్ కాలేజీలో ఆడిందీ అక్కడే. 1986లో మగపిల్లలు పెద్ద భవనానికి వెళ్లిపోయాక ఇక్కడ అమ్మాయిలే ముఖ్యం. పైన 1994 జాతీయ ఛాంపియన్‌షిప్ జెండా ఉంది. ఆ ఫైనల్లో 0.7 సెకన్లు మిగిలి ఉండగా షార్లెట్ స్మిత్ దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల బంతితో 60-59 గెలుపు. మూడు పక్క ఊళ్లలో రవాణాకి చాపెల్ హిల్‌దే మొదటి స్థానం. ఊరి బస్సులన్నీ ఉచితం. కారు దూరంగా పెట్టి బస్సెక్కండి.

చివరిది వర్జీనియాలో బ్లాక్స్‌బర్గ్, వర్జీనియా టెక్ వాళ్ల ఊరు. మూడు గంటలు దాటిన ప్రయాణం. రాష్ట్రాల సరిహద్దు దాటగానే ఫ్యాన్సీ గ్యాప్ దగ్గర రోడ్డు కొండెక్కుతుంది. అక్కడ పొగమంచు కమ్మితే ముందు కారు వెనక దీపాలు కూడా కనపడవు. వేగం ఎంతకు తగ్గించాలో ఎలక్ట్రానిక్ బోర్డులు చెబుతాయి, వాటి మాట వినండి. పగటి వెలుతురు ఉండగానే కొండ దాటేలా బయల్దేరితే మంచిది. మాకు క్రిస్టియన్స్‌బర్గ్‌లో దొరికిన బస ఈ మొత్తంలో ఉత్తమం. చిన్న హోటల్, నడిపేది ఒక గుజరాతీ కుటుంబం. అత్తయ్యకి అన్నం కావాలని తెలిసి పెద్దావిడ తమ ఇంట్లోంచి కుక్కర్ ఇచ్చింది, గిన్నెడు పెరుగు కూడా. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, అయినా గంటసేపు కబుర్లాడుకున్నారు.

వర్జీనియా టెక్ ఆడే కాసెల్ కొలీజియంలో, 2023లో జాతీయ టోర్నమెంట్ చివరి నాలుగు జట్లలో (ఫైనల్ ఫోర్) నిలిచిన గుర్తులు అప్పటికీ మెరుస్తున్నాయి. ఆ జట్టు మూలస్తంభం ఎలిజబెత్ కిట్లీ, వరసగా మూడేళ్లు ఏసీసీ ఉత్తమ క్రీడాకారిణి, కాలేజీ ముగించింది. కోచ్ వెళ్లిపోయాడు, అమోర్ వెళ్లిపోయింది. ఆ ఏడాది కొత్త కోచ్ మెగన్ డఫీ కొత్త పిల్లలతో మొదటినుంచి జట్టును కడుతూ ఉంది. అయినా ఊరు జట్టును వదల్లేదు. మా ముందు వరసలో ఎనభై దాటిన దంపతులు స్కోరు పుస్తకంలో పెన్సిలుతో రాసుకుంటున్నారు. మా అమ్మాయి వంగి చూస్తుంటే ఆవిడ పుస్తకం ఇటు తిప్పి, ఏ గుర్తు దేనికో చూపించింది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. నాలుగు క్వార్టర్లు, ఒక్కొక్కటి పది నిమిషాలు, రెండు గంటల్లో ఆట అయిపోతుంది, మర్నాడు బడి ఉన్నా ఇబ్బంది లేదు. విశ్వవిద్యాలయాల సొంత అరీనాల్లో మా నలుగురికీ కలిపి టికెట్లకి 60 డాలర్లు దాటలేదు. ఇంటి నుంచి బయల్దేరే ముందు సంచి నిబంధన చూసుకోండి. ఒక చోట అత్తయ్య చేతిసంచి లోపలికి తీసుకెళ్లనివ్వలేదు, మందులు చేత్తో పట్టుకుని సంచి కారులో పెట్టి రావడానికి మొదటి క్వార్టర్ పోయింది. మళ్లీ ఒక్క చోటికే వెళ్లే వీలుంటే నేను రేనాల్డ్స్‌కే వెళ్తాను, రెండోదానికి కార్మైకెల్‌కి. రెండూ అమ్మాయిల సొంత ఇళ్లు. ఆ తేడా లోపల అడుగుపెట్టగానే తెలుస్తుంది.

జనవరిలో అత్తయ్య తెనాలి వెళ్లిపోయింది. మార్చి 9న గ్రీన్స్‌బరోలో ఏసీసీ ఫైనల్ రోజు, అక్కడ తెల్లవారుతుండగా ఫోన్ చేసింది.

"మన ఎర్ర చొక్కాల పిల్లలు గెలిచారా?"

"లేదత్తయ్యా, 76-62. డ్యూక్ వాళ్లు గెలిచారు."

"ఎవరూ, ఆ రాతి బడి పిల్లలా?" అని కాసేపు ఆగి, "పొడుగుపిల్ల బాగా ఆడిందా?" అని అడిగింది.