/యూఎస్ఆర్: ఇన్నేళ్లు వాడాక

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫోల్డర్లలో చాలావాటితో నాకు పేచీ లేదు. /బిన్ (ప్రోగ్రాములు), /డెవ్ (డివైజులు), /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్లు) పేరుకు తగ్గట్టే ఉంటాయి. /ఈటీసీ అంటే ‘వగైరా’. ఎక్కడా చోటు దొరకని సామానంతా ఎక్కించే అటక. పాత యూనిక్స్‌లో ఇనిట్ (మెషిన్ లేచాక మొదట నడిచేది), మౌంట్ (డిస్కును ఒక ఫోల్డర్‌కు తగిలించేది) లాంటి ప్రోగ్రాములు కూడా ఆ అటక మీదే ఉండేవి, ఇప్పుడు సెట్టింగుల ఫైళ్లు మిగిలాయి. పేరు నిర్లక్ష్యంగా పెట్టిందే అయినా అబద్ధం మాత్రం కాదు.

నా గొడవంతా /యూఎస్ఆర్‌తోనే. పేరు చూస్తే యూజర్ల ఫైళ్లుంటాయనిపిస్తుంది, తెరిచి చూస్తే ఒక్క యూజరూ ఉండడు, వాళ్లంతా /హోమ్‌లో కాపురం. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. ‘యూనిక్స్ సిస్టమ్ రిసోర్సెస్’ అని ఇంటర్వ్యూల్లో చెప్పే జవాబు తర్వాతెప్పుడో అతికించిన అర్థం. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్ తొలి రోజుల్లో అది అక్షరాలా యూజర్లదే. యూనిక్స్ రాసినవాళ్లలో కెన్ థాంప్సన్‌ది /యూఎస్ఆర్/కెన్, డెనిస్ రిచీది /యూఎస్ఆర్/డీఎంఆర్.

1971 నాటి పీడీపీ-11 కంప్యూటర్‌లో రూట్ (ఫోల్డర్లన్నిటికీ మొదలు) ఉన్నది 512 కేబీ డిస్కు మీద. /యూఎస్ఆర్ ఉన్నది వేరే ఆర్‌కే రకం డిస్కు మీద, దానికి సుమారు రెండున్నర ఎంబీ. మెషిన్ లేచేటప్పుడు ఆ రెండో డిస్కును ఇనిట్ మౌంట్ చేసేది. కాబట్టి అంతవరకూ పని నడవడానికి కావలసినవన్నీ మొదటి డిస్కు మీదే ఉండి తీరాలి. మౌంట్ కమాండును తీసుకెళ్లి /యూఎస్ఆర్‌లో పెడితే, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. చిన్న డిస్కు చాలకపోయేసరికి మిగతా కమాండ్లు యూజర్ల డిస్కులోకి పొర్లాయి. అలా పుట్టింది /యూఎస్ఆర్/బిన్. ఇందులో సిద్ధాంతమేమీ లేదు, చోటు చాలలేదంతే. ‘ముఖ్యమైనవి /బిన్‌లో, కానివి /యూఎస్ఆర్/బిన్‌లో’ అన్న సూత్రం తర్వాత అల్లుకున్నది.

ఇంత చిరాకులోనూ ముచ్చటేసే విషయం ఒకటుంది. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో షెల్ (టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము) సోర్సు తీసి, కమాండును వెతికే చోటు చూడండి. టైప్ చేసిన పేరును ముందు ఉన్నదున్నట్టు ప్రయత్నిస్తుంది. దొరక్కపోతే ఆ పేరు ముందు ‘/యూఎస్ఆర్/బిన్/’ అన్న ఒకే ఒక స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) అతికిస్తుంది. తర్వాత అందులో మొదటి నాలుగు అక్షరాలు, అంటే స్లాష్, యూ, ఎస్, ఆర్, దాటేసి చదువుతుంది. మిగిలేది ‘/బిన్/’. అక్కడా లేకపోతే స్ట్రింగ్ మొత్తాన్ని చదువుతుంది. రెండు ఫోల్డర్లను ఒక్క స్ట్రింగ్‌తో, ఒక ‘ప్లస్ 4’తో సరిపెట్టేశారు.

ఇక విడిగా ఉన్న /యూఎస్ఆర్‌ను రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప మార్చే వీల్లేకుండా) మౌంట్ చేసుకోవచ్చని మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆచరణలో ప్రతి అప్‌డేట్‌కూ రీమౌంట్ చేయడం, తిరిగి మూయడం మర్చిపోవడం మామూలే. పైగా యూనిక్స్ బాటలో వచ్చిన లినక్స్‌లో /బిన్ ప్రోగ్రాములకూ యూడెవ్ (డివైజులను గుర్తించి సర్దేది) రూల్స్‌కూ కావలసినవి కొన్ని /యూఎస్ఆర్‌లోకి చేరిపోయాయి. పేరుకే వేరు కాపురం. అందుకే 2012లో ఫెడోరా 17 అనే లినక్స్ రకం /బిన్‌నూ /యూఎస్ఆర్/బిన్‌నూ కలిపేసింది. ఇంకో లినక్స్ రకం డెబియన్‌లో, 10వ వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో /బిన్ అన్నది /యూఎస్ఆర్/బిన్‌కు ఒక లింకు మాత్రమే.

దెబ్బ ఇక్కడే తగిలింది. లింకుతో ఫైలు ఒకటే అయింది కానీ దాని అడ్రసులు రెండయ్యాయి. డెబియన్‌లో ప్యాకేజీలను (ప్రోగ్రాముల మూటలను) ఎక్కించే డీపీకేజీ చిట్టాలో మాత్రం ప్యాకేజీ ఏ అడ్రసు రాసుకొస్తే అదే ఉంటుంది. ‘క’ ప్యాకేజీలో /బిన్/ఫలానా అనే ఫైలుందనుకోండి. కొత్త వెర్షన్‌లో దాన్ని ‘గ’ ప్యాకేజీకి మార్చి, దారిని కూడా /యూఎస్ఆర్/బిన్/ఫలానా చేశారు. అప్‌గ్రేడ్‌లో ముందు ‘గ’ విప్పుకుంటే, కొత్త ఫైలు లింకు ద్వారా పాతదాని మీదే పడుతుంది. డీపీకేజీ పోల్చేది పేర్లనే, పేర్లు వేరు కాబట్టి అభ్యంతరం చెప్పదు. తర్వాత ‘క’ వంతు. దాని కొత్త జాబితాలో /బిన్/ఫలానా లేదు కనుక పాత ఫైలనుకుని చెరిపేస్తుంది. చెరిగేది ‘గ’ అప్పుడే పెట్టిన ఫైలు. ఒక్క ఎర్రర్ రాదు, రెండు ప్యాకేజీలూ ‘ఇన్‌స్టాల్డ్’ అనే చూపిస్తాయి, కమాండు మాత్రం ఉండదు. ఈ భయంతోనే డెబియన్ 12 విడుదలయ్యేదాకా ఇలాంటి మార్పులు చేయొద్దని ప్యాకేజీలు చూసేవాళ్లను ఆపేశారు.

అనుమానమొస్తే డీపీకేజీని వెరిఫై ఆప్షన్‌తో నడపండి, ‘మిస్సింగ్’ అన్న వరుసలు వస్తే ఆ ప్యాకేజీని ఏపీటీతో (ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రాముతో) రీఇన్‌స్టాల్ చేయండి. పోయింది టార్ లాంటిదైతే రీఇన్‌స్టాల్ కూడా నడవదు, ఎందుకంటే ప్యాకేజీని విప్పడానికి డీపీకేజీ వాడుకునేది టార్‌నే. అప్పుడు రెస్క్యూ మీడియాతో లేపి, అదే వెర్షన్ ఉన్న వేరే మెషిన్ నుంచి ఫైలు కాపీ చేసుకోవాలి.

ఇంకో చిన్న చికాకు. డెబియన్ 12లో ‘విచ్ ఎల్ఎస్’ అంటే, అంటే ఎల్ఎస్ కమాండు ఎక్కడుందని అడిగితే, /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్ అని వస్తుంది. అదే దారిని డీపీకేజీ సెర్చ్‌కు ఇస్తే అలాంటిదేదీ లేదంటుంది, చిట్టాలో ఉన్నది /బిన్/ఎల్ఎస్ మరి. 13లో ప్యాకేజీలే కొత్త దారికి మారాయి, అక్కడ పాత దారి అడిగితే లేదంటుంది. కోట్స్ మధ్య, ముందు స్టార్ గుర్తుతో ‘*బిన్/ఎల్ఎస్’ అని అడిగితే రెండు చోట్లా దొరుకుతుంది.

నేను చూసుకునేవి ఒకే డిస్కున్న వర్చువల్ సర్వర్లు. వాటి వరకైతే కలిపేయడమే మేలు, ఆపరేటింగ్ సిస్టమంతా దాదాపు ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది, స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదాని నకలు) తీయడం తేలిక. యూనిక్స్ కుటుంబంలోదే అయిన ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాళ్లకు నా మాట వర్తించదు. అక్కడ /బిన్ ప్రోగ్రాములు స్టాటిక్‌గా లింక్ చేసినవి (కావలసిన లైబ్రరీలు వాటిలోనే ఉంటాయి), /యూఎస్ఆర్ లేకుండానే నడుస్తాయి, కాబట్టి వేరు కాపురానికి ఇప్పటికీ అర్థముంది.

పాత లినక్స్ మెషిన్‌లో /యూఎస్ఆర్ వేరే పార్టిషన్‌లో ఉంటే మాత్రం, కలిపే ముందు ఎఫ్‌స్టాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైలు) ఒకసారి తెరిచి చూడండి. 1971లో ఇనిట్ చేసిన ఆ మౌంట్ పనిని ఇప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్కు కంటే ముందు మెమరీలోకి వచ్చే చిన్న ఫైళ్ల మూట) చేయాలి. అది లేకుండా రీబూట్ చేస్తే ఇనిట్టే /యూఎస్ఆర్‌లో చిక్కుకుపోయి, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) దాన్ని వెతికి వెతికి ప్యానిక్‌తో ఆగిపోతుంది.