జాకలా, ల కారేనా: కాజీపేట రైల్లోకి ఏది?

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రెండు గంటల దాకా. సంచిలో ఒక్క రాజకీయ థ్రిల్లర్‌కే చోటుంటే?

ఫోర్సైత్ ‘ది డే ఆఫ్ ది జాకల్’ (1971): ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఓ కిరాయి హంతకుడు వేసే పథకమే కథ. ఆ హత్య జరగదని ముందే తెలుసు, డిగాల్ 1970లో ఇంట్లోనే సహజంగా పోయారు. అయినా పేజీ ఆగదు. చనిపోయిన పిల్లాడి పేరుతో పాస్‌పోర్టు, ఊతకర్రలో దాచిన తుపాకీ... పని ఎట్లా సాగుతుందన్నదే ఉత్కంఠ. చిక్కల్లా మొదట్లో వచ్చే ఫ్రెంచి పేర్లు, ఓఏఎస్ (అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇవ్వొద్దన్న ఫ్రెంచి రహస్య సాయుధ ముఠా) చరిత్ర. కాస్త ఓర్చుకోవాలి.

ల కారే ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’ (1963): సైజు చిన్నది, శ్రమ పెద్దది. ఈ గూఢచారి కథలో వచ్చే విచారణలో ఒక్క మాట దాటేస్తే చివరి మలుపు అందదు. మోత తక్కువ, చేదు ఎక్కువ.

ధర? ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో చూడండి.

చాయ్ కోసం ఆపి మళ్లీ అందుకోవాలంటే జాకల్. వాన రాత్రి, ఫోన్ పక్కన పడేసి ఒక్క ఊపున చదవాలంటే ల కారే.